కనిపించని తాడు

కొత్త సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదటి భాగం అయిందో లేదో, ఫోన్‌లో పొగడ్తలు వరదలా వచ్చిపడుతున్నాయి.

“నౌక మీంచి సైనికుడు పడే సీనుకి బ్రహ్మరథం పడుతున్నారమ్మా! ‘తాడు జాడే లేదు, ఏం గ్రాఫిక్సు!’ అంటున్నారు,” చెల్లెలికి చదివి వినిపించాడు ఫైట్ మాస్టర్ అన్నయ్య.

ఆ సైనికుడి వేషంలో ఉన్నది ఆమె భర్త. ప్రాణం పోయింది ఆ షాట్‌లోనే.

ఆమె ఆ సీను మళ్ళీ పెట్టింది. గాల్లోకి దూకగానే వీపు వెనక తాడు పట్టుకోవడం ఆయనకు అలవాటు. తెరమీద ఆ చెయ్యి తడుముకుంటూనే కిందికి పోయింది.

“తాడు తెగిందన్నావు కదా అన్నయ్యా?”

“అవునమ్మా.”

“తెగితే ముక్కైనా చేతికి తగలాలిగా. వీపుకి తాడు కొక్కెం తగిలించేది నువ్వేగా?”

అన్నయ్య రిమోట్ కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు.