చెప్పకుండా వచ్చిన వాన

ఇరుగుపొరుగు దేశాలు మబ్బుల్ని పంచుకునే వాన కూటమిలోంచి మా దేశం బయటికొచ్చి ఐదు నెలలైంది. కూటమిలో ఉన్న నలభై ఏళ్లూ వాన ప్రతి మంగళవారం నాలుగింటికి, ఫోనుకి ముందే కబురు పెట్టి కురిసేది. బయటికొచ్చాక చుక్క పడలేదు. మా వీధి మధ్యలోని పసుపు గీతే సరిహద్దు. అటువైపు, ఇంకా కూటమిలోనే ఉన్న ఎదురింటి హిమజ పెరట్లో వాన పడుతుంటే, ఇటు మేం ట్యాంకరు కోసం బిందెలతో నిలబడేవాళ్లం.

ఆ శుక్రవారం డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. మా అత్తగారు ప్రవల్లిక ఉన్నట్టుండి తలెత్తి గాలి వాసన చూశారు.

"ధన్వీ, వడియాల గుడ్డ లోపలికి లాగవే. వానొస్తోంది."

"ఎవరు పంపిస్తున్నారత్తయ్యా? కబురేమీ రాలేదుగా."

"ఎవరూ పంపరే. అదే వస్తుంది."

వయసు మీదపడి ఏదో అంటున్నారనుకున్నాను. అంతలో ఆకాశం నల్లబడి, నా మోచేతి మీద ఒక చినుకు పడింది. ముప్పై రెండేళ్ల నా బతుకులో ఎవరూ పంపని మొదటి చినుకు. ఆ వెనకే జోరున కురిసింది. వడియాలు కరిగి పాలలా పారుతున్నా ఇద్దరం కదల్లేదు.

గీతకు అటువైపు హిమజ ఆరేసిన బట్టలు లాక్కుంటూ అరిచింది.

"పిన్నిగారూ, మీ వాన మా మీద పడుతోంది! ఎప్పుడాగుతుంది?"

"తెలీదమ్మా!" అన్నారు అత్తగారు, ఆ ఒక్క మాట అనడం కోసమే నలభై ఏళ్లు ఎదురుచూసినట్టు.