తెర కింది సగం

“కిందికి ఏమీ కనపడటం లేదన్నా,” అన్నాడు జయకుమార్ ఫోన్లో. “దీపం బొమ్మ ఉండాది, దాని కింద ‘స్వర్గీయ’ అని ఉండాది. అంతటితో తెర అయిపోయింది. మిషన్ నడిపే బటన్ కూడా కిందనే యాడో దాక్కునుండాది.”

అవతల కర్నూల్లో దావీదురాజు నవ్వాడు. కడప శివార్లలోని ఆ రాళ్ల షెడ్డులో చెక్కుడు మిషన్ బిగించి, దాన్ని నడిపే లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి ఇచ్చింది అతనే.

“అక్షరాలు లావుగా, మసకమసకగా ఉండాయా?”

“గుమ్మడికాయలంత ఉండాయి.”

“తెర సైజు ఎనిమిది వందలు ఇంటూ ఆరు వందల్లో ఇరుక్కుపోయిండాది. సెట్టింగుల్లో రెజల్యూషన్ మార్చి చూసినావా?”

“చూసినా. ఆ ఒక్క సైజే చూపిస్తాంది. మార్చేదానికి ఇంకోటి లేదు.”

రాతి మీద తప్పు పడితే రబ్బరుతో చెరిపేది కాదు. అందుకే చెక్కే ముందు, రాయి చేయించుకునే పార్టీని తెర ముందు కూర్చోబెట్టి, అక్షరం అక్షరం వేలు పెట్టి చదివించడం ఆ షెడ్డు ఆచారం. సమాధి రాయి పార్టీ దోవలో ఉందని చెప్పి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, యజమాని నాగసుబ్బయ్య క్వారీకి వెళ్లిపోయాడు. జయకుమార్‌కు ఒంటరిగా ఉండటమంటే ఇష్టం లేదు. గేటు దగ్గర బండి ఆగితే చాలు, ముందు గోడ చాటు నుంచి తొంగి చూసి గానీ బయటికి రాడు.

“ఉండప్పా, గుర్తొచ్చింది,” అన్నాడు దావీదురాజు. “పోయిన వారం అది ఆన్ కాకపోతే నేనే ‘నోమోడ్‌సెట్’ అని ఒక మాట పెట్టి లేపినా. తీసేది మర్చిపోయినా. ఆ మాట ఉన్నంతసేపూ గ్రాఫిక్స్ డ్రైవర్ పని చెయ్యదు. టెర్మినల్ తెరువు, చెప్తాండా.”

జయకుమార్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు చదువుకునే గ్రబ్ ఫైల్లో ఆ మాటను వెతికి చెరిపేశాడు. సేవ్ చేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేశాడు.

“ఇంక రీస్టార్ట్ చెయ్యి. సరిగ్గా రాకపోతే మళ్లా ఫోన్ కొట్టు,” అని దావీదురాజు పెట్టేశాడు.

తెర నల్లబడి మళ్లీ వెలిగింది. ఈసారి అన్నీ సన్నగా, తేటగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకున్నాయి. హమ్మయ్య అనుకుంటూ రాయి ఫైలు తెరిచాడు.

దీపం బొమ్మ. స్వర్గీయ. దాని కింద, ‘ఈరేష్, తండ్రి సుంకప్ప, కోడుమూరు.’

పుట్టిన తేదీ చూశాడు. తనదే. మరణం అన్నచోట ఈ రోజు తేదీ ఉంది.

ఈరేష్ అంటే అతనే. జయకుమార్ అన్నది కడపకొచ్చాక తగిలించుకున్న పేరు. ఓర్వకల్లు దగ్గర పొలం పుట్రా గల ఓబుళేశు కూతురు మధులతను పెళ్లి చేసుకున్నప్పటి నుంచి అతను ఆ పేరు చాటునే బతుకుతున్నాడు. ఇద్దరి కులాలూ వేరు. మధులత బాబాయి భూపేష్ మనుషుల్ని వేసుకుని వెతకని ఊరు లేదు. దొరికితే ఇద్దరినీ నరుకుతానని నలుగురిలో చెప్పాడు. ఓబుళేశు మాత్రం నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. ఆయన అలా మాట్లాడకుండా ఉండటమంటేనే ఈరేష్‌కు ఎక్కువ భయం.

తన సమాధి రాయిని తన చేతనే చెక్కించాలంటే ఎంత పగ ఉండాలి? మధులతకు ఫోన్ చేశాడు. రింగయి రింగయి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. వెనక గోడ దూకి పారిపోదామా అనుకున్నాడు గానీ, మధులతను వదిలి ఎక్కడికని పోతాడు? ఇంటికే పరిగెత్తుదామని గేటు వైపు అడుగేసేసరికి అక్కడ బండి ఆగింది.

దిగింది ఓబుళేశు. ఒక్కడే వచ్చాడు. నేరుగా లోపలికొచ్చి, తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మధు ఫోన్ ఎత్తదులే,” అన్నాడు. “దాని దగ్గర్నుంచే వస్తాండా.”

“దాన్ని ఏం చేసినారు సామీ?”

“కూర్చో.”

ఈరేష్ ఉన్నచోటే కూలబడ్డాడు. ఓబుళేశు తెర మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. పేరు దగ్గర ఆగాడు. తేదీ దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాడు.

“తప్పుల్లేవు. చెక్కు.”

“నన్నేమన్నా చేసుకోండి సామీ. దాన్ని మాత్రం వదిలిపెట్టండి,” అంటూ ఈరేష్ చేతులు జోడించాడు. “అది మీ బిడ్డ.”

“నువ్వు కడపలో ఉండావని భూపేష్‌కు తెలిసిపాయ. మనుషుల్ని పంపిస్తానన్యాడు. వాళ్లెందుకు, ఈ పని నేనే చూస్తా, ఈపొద్దుతో అయిపోతాదని చెప్పి వచ్చినా.” ఓబుళేశు గొంతు పెంచలేదు. “రాయి కర్నూల్లో చెక్కిస్తే పది నోళ్లు లేస్తాయి. అందుకే నీ దగ్గరికే పంపినా. మీ నాయనతో కూడా మాట్లాడినా. రేప్పొద్దునకు ఇది మీ చేన్లో నిలబడల్ల. భూపేష్ వచ్చి కళ్లారా చూడల్ల.”

ఈరేష్ లేచి, మౌస్ పట్టుకుని, తెర అడుగున ఉన్న బటన్ నొక్కాడు. మిషన్ మొన రాయి మీదికి దిగింది. అతని పేరులో మొదటి అక్షరం తెగుతుంటే తెల్లటి దుమ్ము లేచింది.

ఓబుళేశు భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది దుమ్ముకే అనుకున్నాడు ఈరేష్. ఆయన చెయ్యి వచ్చి తన భుజం మీద పడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“ఫోన్ ఎత్తొద్దని మధుకు నేనే చెప్పినా. ఈ రాయి చూసి భూపేష్ నమ్మితే మీరిద్దరూ బతుకుతారు, అల్లుడా.”