ఊడ్చిన కాలువ

"చెత్త ఏదమ్మా?" అన్నాడు ట్రస్టు ఆఫీసరు.

గట్టు మీద నిలబడి కాలువలోకి చూస్తున్నాడు. చేతిలో, పక్కన నిలబడ్డ ఇస్త్రీ ఆవిడ గ్రాంటు కోసం రాయించుకున్న దరఖాస్తు ఉంది. అందులోని కాలువ వేరు. ప్లాస్టిక్ సంచులు, చిరిగిన పరుపులు, నల్లటి మురుగు. ఎదురుగా ఉన్న కాలువలో అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. వాటి మీద వేలెడంత చేపల నీడలు నింపాదిగా కదులుతున్నాయి.

"తీసేశాం బాబూ," అంది ఇస్త్రీ ఆవిడ. "వీధి వీధంతా మూడు రోజులు పనులు మానుకుని తీశాం. బళ్ళకెత్తి ఊరి బయట పారబోయించాం."

"ఎందుకు?"

ఆవిడకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మీరొస్తున్నామని ఉత్తరం రాశారుగా. ఇంటికి మనిషొస్తుంటే ఊడ్చుకోమా?"

"మా వదిన మొహమాటపడి చెప్పట్లేదు," అన్నాడు పక్కనున్న తాపీమేస్త్రీ. "నాతో గట్టు కూడా కడిగించింది."

ఆఫీసరు నవ్వలేదు. కాగితం తిప్పాడు. "గ్రాంటు రావాలంటే మా మూడు ప్రాధాన్యాల్లో ఒకదానికి సరిపోవాలి. మొదటిది పర్యావరణం. కాలువ పాడైపోయిందని రాశారు. ఎక్కడ పాడైంది?"

"పై వీధుల నుంచి చెత్త మళ్ళీ వస్తుంది బాబూ. వాన పడితే తూముకి అడ్డం పడుతుంది. నీళ్ళు మా ఇళ్ళలోకి ఎగదన్నుతాయి. అందుకేగా తూము ముందర ఇనుప జాలీ, ఈ పక్కన గోడ అడిగింది."

"వచ్చాక రాయండి."

"వచ్చాక మా ఆయన్ని మంచంతో సహా ఎవరు మోస్తారు? నడుం కింద ఆయనకు కదలిక లేదు."

ఆఫీసరు ఒక గడిలో అడ్డగీత గీశాడు. "రెండోది సామాజిక న్యాయం. మిమ్మల్ని ఎవరైనా అణగదొక్కుతున్నారా? బెదిరించారా?"

"మమ్మల్ని బెదిరించే తీరిక ఎవరికుంది సార్," అన్నాడు తాపీమేస్త్రీ.

ఇంకో అడ్డగీత. "మూడోది సామూహిక వికాసం. అంటే, అందరూ కలిసి పనిచేయడం నేర్పించడం."

"నేర్చుకునే ఉన్నాం కదండీ," అంది ఆవిడ.

"అదే ఇబ్బంది. నేర్పడానికేం మిగల్లేదు."

ఇస్త్రీ ఆవిడ ఇక వాదించలేదు. "ఎండలో వచ్చారు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అంది.

ఆవిడ ఇల్లు ఒకటే గది. ఒక మూల ఇస్త్రీ బల్ల, మడత పెట్టిన బట్టలు. కిటికీ పక్కన మంచం. మంచం మీది మనిషి వచ్చినవాళ్ళ వంక చూడలేదు. పైకి చూస్తున్నాడు.

"కూర్చోండి," అన్నాడు మెల్లగా. "గట్టిగా మాట్లాడకండి. చూడండి."

ఆఫీసరు తలెత్తాడు. కాలువ నీటి మీది ఎండ కిటికీలోంచి వచ్చి పైకప్పు మీద ఆడుతోంది. వెలుతురు వలలా విచ్చుకుంటోంది, ముడుచుకుంటోంది. నీళ్ళు గది పైన పారుతున్నట్టు, గది నీటి అడుగున ఉన్నట్టు ఉంది. గోడలు పలచబడ్డాయి. ఒక చేప నీడ అటునుంచి ఇటు పోయినట్టయింది. పోయిందో లేదో తెలియదు.

"ఏళ్ళ తరబడి ఈ కప్పునే చూస్తున్నాను. మొన్నటి నుంచే కదులుతోంది," అన్నాడు మంచం మీది మనిషి. "మీకు మంచం కూడా కదులుతున్నట్టు లేదూ?"

ఆఫీసరు మంచం అంచున కూర్చున్నాడు. కలం చేతిలోనే ఉండిపోయింది. చాలాసేపు పైకే చూసి, "ఉంది," అన్నాడు.

గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇస్త్రీ ఆవిడ ఆ మాట విన్నది. మనిషి కరిగాడనుకుంది.

బయటికి వచ్చాక, చీపురు అందుకుని గడప ఊడుస్తున్న ఆవిడను చూసి అతను ఫోను తీశాడు. "ఈ వెలుతురు పోకముందే ఒక ఫొటో. కాలువ పక్కన నిలబడమ్మా."

"చీపురు పక్కన పెట్టనా?"

"వద్దు. ఉండనీ. బాగుంది." ఫొటో తీసుకుని చూసుకున్నాడు. "నా చేతుల్లో ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను."

ఆవిడ లోపలికొచ్చి, "మంచివాడేనయ్యా. రాస్తానన్నాడు," అంది.

"అంతసేపు కప్పు వంక చూశాడు. చెడ్డవాడెలా అవుతాడే," అన్నాడు మొగుడు.

ఇద్దరూ పొరబడ్డారు. అతను ఉన్నది ఉన్నట్టే రాశాడు.

ఇరవయ్యో రోజున వాన మొదలైంది. పై వీధుల సంచులన్నీ దిగి వచ్చాయి. రెండు పరుపులు తూముకి అడ్డం పడ్డాయి. మధ్యాహ్నానికి నీళ్ళు గడప దాటాయి. ఇస్త్రీ ఆవిడ, తాపీమేస్త్రీ చెరోవైపూ పట్టి మంచం కోళ్ళ కింద ఇటుకలు తోశారు.

"ఏమే, పడవెక్కించావా నన్ను?" అన్నాడు మొగుడు.

"మాట్లాడకుండా తెడ్డు వెయ్యి," అంది.

గోధుమరంగు నీళ్ళలో వెలుతురు లేదు. కప్పు కప్పులాగే ఉంది.

మోకాలి లోతు నీళ్ళలో పోస్టుమాన్ వచ్చి కిటికీలోంచి కవరు అందించాడు. మొగుడు చింపి చదివాడు. "మీ సమస్య ఇప్పటికే పరిష్కారమైనందున దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాము."

ఆవిడ ఇంకో ఇటుక కోసం నీళ్ళలో చెయ్యి పెట్టి వెతుకుతోంది.

"నున్నటి పుస్తకం కూడా పంపారే. ట్రస్టు వాళ్ళదే. అట్ట మీద మన కాలువే! నువ్వూ ఉన్నావు, చీపురుతో. ఎంత బాగా పడ్డావో."

ఆవిడ చెయ్యి తుడుచుకుని వంగి చూసింది. గులకరాళ్ళు, చేపల నీడలు. మధ్యలో తాను నవ్వుతోంది. అక్షరాలు ఆవిడకు రావు.

"కింద ఏదో రాసుందిగా. చదువు."

నీళ్ళు మంచం పట్టెను తాకాయి. అతను కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు.

"ఈ ఏడాది మా గ్రాంటుతో బాగుపడిన కాలువ."