ఎండ్రకాయంత కన్నం

పెద్ద కరువు తీరిన మరుసటి ఏడు, తొలకరి రోజుల్లో జరిగిందిది. చెరువు గట్టుకు ఎండ్రకాయ పట్టేంత కన్నం పడి నీరు కారసాగింది. గట్టు కిందనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుని ఉంది. అది పరుగున అడవి మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చింది.

గుమాస్తా తాబేలు చదివి, "ముత్యాల్లాంటి అక్షరాలమ్మా నీవి!" అని మెచ్చుకుని నంబరు వేసింది.

"పిడికెడు బంకమట్టి చాలు బాబూ. మీరు ఊఁ అంటే నేనే పూడ్చుకుంటాను."

"అమ్మో! అది ఆఫీసు గట్టు. మేం చూసి రాయనిదే ఎవరూ ముట్టుకోకూడదు."

అర్జీ తాబేలు బల్ల మీంచి పందికొక్కు బల్లకు, అక్కణ్ణుంచి హెడ్డు గుమాస్తా కొంగ బల్లకు చేరేసరికి తొమ్మిది రోజులైంది. ఈలోగా మూడు వానలు కురిశాయి. పదో నాడు కొంగ గొడుగు వేసుకుని స్వయంగా వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి కన్నాన్ని చాలాసేపు చూసింది.

"ఏమమ్మా, ఎండ్రకాయంత అని రాశావు. ఇందులో నక్క పడుతుందే!"

"మీరొచ్చేలోగా పెరిగింది అయ్యగారూ."

"పెరిగే ఉంటుంది. కానీ మేం కాగితంలో ఉన్న కన్నాన్నే పూడ్చాలి. ఆ కన్నం ఇక్కడ లేదు."

కొంగ అర్జీ మీద 'ఎండ్రకాయంత కన్నం కనబడలేదు' అని రాసింది. "నక్కంత అని రాసి పట్టుకురా తల్లీ. ముందు నీ పనే చూస్తాం," అంది.

తీతువు కొత్త అర్జీ తీసుకెళ్లింది. తాబేలు దానికీ ఓపిగ్గా నంబరు వేసింది.

ఆ సాయంత్రం గట్టు తెగింది. నాలుగు గుడ్లూ కొట్టుకుపోయాయి.