ఎంటర్ నొక్కండమ్మా

"మేడమ్, మీరు గొంతు పెంచితే కాల్ కట్ చేసే అధికారం మాకుంది," అన్నాడు కస్టమర్ కేర్ ఉమామహేష్. అన్నంత పనీ చేశాడు.

బిందు ఫోను బల్ల మీద పడేసి తల పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఇది ఆరోసారి. కాశీబుగ్గలో ఆమెది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. జలంత్రకోట పెళ్లివారు పద్దెనిమిది జాకెట్లు ఆర్డరిచ్చి, అడ్వాన్సు కూడా చేతిలో పెట్టారు. వాళ్లడిగిన నెమలి డిజైన్లు గియ్యాలంటే కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి. నెట్‌లో చూస్తే ఎనభై శాతం తగ్గింపు అని కనిపించింది. అడ్వాన్సంతా పోసి కొనేసి, డౌన్‌లోడ్ చేసుకుంది. తీరా దాన్ని తెరవడానికి వాళ్లు పంపిన కీ నంబరు కొడితే, 'ఈ కీ ఇదివరకే వాడేశారు' అని వచ్చింది. ఎవరు వాడారో ఆ దేవుడికే తెలియాలి.

కంపెనీవాళ్ల మాట ఒకటే. డౌన్‌లోడ్ అయిన సరుక్కి డబ్బు వాపసు ఉండదు. కొత్త కీ కావాలంటే, ఫోనులో వాళ్ల మనిషి చెప్పే ముప్పై రెండు స్టెప్పులూ వరసగా చేసి, అయినా ఏమీ రాలేదని తేలాలి. ఇరవయ్యో స్టెప్పు దగ్గరికి వచ్చేసరికి బిందుకి ఓర్పు పోయేది. పోదా మరి, చేసిందే చెయ్యమంటే ఎవరికైనా పోతుంది. ఆమె ఒక మాట అనడం, అతను కట్ చెయ్యడం, మళ్లీ ఒకటి నుంచి మొదలు. తొమ్మిది రోజుల్లో జాకెట్లు ఇవ్వకపోతే ఆర్డరు టెక్కలి షాపుకి పోతుంది, అడ్వాన్సు తిరిగిచ్చేయాలి. అడ్వాన్సు ఇంకెక్కడుంది?

అన్నం క్యారేజీ తెచ్చిన అత్తగారు లక్ష్మమ్మ మూల స్టూలు మీద కూర్చుని ఇదంతా వింది. ముప్పై ఏళ్లు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసిన మనిషి. ఎంతమంది సూపర్‌వైజర్లు అరిచి అరిచి అలిసిపోయారో గానీ, ఆవిడ గొంతు లేవగా ఎవరూ వినలేదు.

"ఆ కంపెనీ నంబరూ, నీ ఆర్డరు నంబరూ కాయితం మీద రాసియ్యి. రేపట్నుంచి ఆడితో నాను మాటాడతాను," అంది.

"నీకు కంప్యూటరంటే ఏటో తెల్దు. నీవల్ల ఏటవుద్దత్తా?"

"నీకు కోపమొచ్చిందని కదా ఆడు కట్ సేసినాడు. నాకు రాదు."

వద్దని వాదించే ఓపిక బిందుకి లేదు. నంబర్లు రాసిచ్చి, మర్నాడు పొద్దున్నే కొలతలు తీసుకోవడానికి జలంత్రకోట వెళ్లిపోయింది.

పదింటికి లక్ష్మమ్మ చేతులకి నూనె రాసుకుంది. ముప్పై ఏళ్లుగా పనికి కూర్చునే ముందు ఆవిడకది అలవాటు. పీట మీద సర్దుకుని కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టింది.

"ముందు కంట్రోల్ నొక్కండమ్మా," అన్నాడు ఉమామహేష్.

"అదెక్కడుంటాది బాబూ?"

ఎడమ పక్క, కింద, చివర అని చెప్పాడు. టక్‌మని వినిపించింది.

"నొక్కినాను బాబూ. తరవాత?"

అతను చెప్పడం, ఇటు టక్‌మనడం. ప్రతి స్టెప్పూ రెండేసి సార్లు చెప్పించుకుంది. ఎంటర్ ఎంత వెడల్పుంటుంది, బాణం గుర్తు పైకి చూస్తుందా పక్కకి చూస్తుందా, అన్నీ కావాలి ఆవిడకి. మధ్యలో అతను టిఫిను తిన్నాడో లేదో అడిగింది. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులకి ఏ నూనె రాయాలో చెప్పింది. కట్ చేద్దామంటే ఆవిడ ఒక్క మాట తూలదు. మర్యాదగా మాట్లాడే కస్టమర్‌ని మధ్యలో వదిలేస్తే అతని ఉద్యోగానికే ఎసరు. మధ్యాహ్నానికి పన్నెండు స్టెప్పులయ్యాయి.

"స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందమ్మా?"

"ఏటీ అవుపడతనేదు బాబూ."

రెండో రోజు అతని పై అధికారి మోహిని లైన్లోకి వచ్చింది. హడావుడి మనిషి, నాలుగు స్టెప్పులు ఒక్క గుక్కలో చెప్పేసింది. ముసలిదాన్ని తల్లీ, ఒక్కోటీ చెప్పమంది లక్ష్మమ్మ. గంట తిరిగేసరికి మోహిని తలనొప్పి అంటూ ఫోను ఉమామహేష్‌కే అప్పగించి పోయింది. టక్ టక్ మాత్రం ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి ముప్పై రెండో స్టెప్పు వచ్చింది.

"ఎంటర్ నొక్కండమ్మా," అన్నాడు. గొంతులో జీవం లేదు.

టక్.

"ఏమైనా వచ్చిందా?"

"అబద్దమెందుకాడతాను బాబూ. నా ఎదర ఏటీ రానేదు."

రూలు రూలే. పది నిమిషాల్లో బిందు ఫోనుకి కొత్త కీ వచ్చింది. ఆ నంబరు కొడితే ఒక్క దెబ్బకి సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. తెర నిండా నెమళ్లే.

పద్దెనిమిది జాకెట్లూ గడువుకి రెండు రోజుల ముందే పెళ్లింటికి చేరాయి. అవి చూసి పెళ్లికొడుకు తరపువాళ్లు ఇంకో పదకొండు కుట్టమన్నారు. బిందు అత్తగారి చేతులు పట్టుకుని సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆవిడకీ ఒక నెమలి జాకెట్టు కుట్టిపెట్టింది.

ఆ సోమవారం లక్ష్మమ్మ పనిలో ఉండగా ఉమామహేష్ ఫోన్ చేశాడు. తమ సర్వీసుకి ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగాడు. మొత్తం ఎన్నుంటాయని అడిగింది. ఐదన్నాడు. అన్నీ నువ్వే రాసుకో నాయినా, నీ ఓర్పు గొప్పదంది. అతను పొంగిపోయాడు.

"ఒక్క సంగతి అడుగుతానమ్మా. మూడు రోజులు మీరు నొక్కుతుంటే విన్నాను. అంత గట్టిగా మోగే కీబోర్డు మా ఆఫీసులో ఒక్కటీ లేదు. మీ కంప్యూటర్ ఏ కంపెనీది?"

టక్, మళ్లీ మోగింది.

"కంప్యూటరు మా కోడలి షాపులో ఉంది బాబూ, నాను ఇంటికాడ జీడిపిక్కలు కోత్తన్నాను."