ఆరో సినిమా

"బిడ్డా, దీంట్ల వీడియో ఎట్ల తియ్యాలె? గా ఆఖరి సినిమా పట్టుకుంట. జర నేర్పు."

వెనక వరుసలో ముసలాయన ఫోన్ చాపేసరికి విన్సెంట్ దాని కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

మట్టెవాడలో మేడ మీద హాలు అది. బయట బ్యానర్ మీద "సినిమా పండుగ" అని మాత్రమే రాయించారు. గే, లెస్బియన్ సినిమాలని రాస్తే హాలు ఇచ్చేదెవరు?

సినిమాలు ముందే చూసి ఏరింది హైదరాబాద్ వాళ్లు. విన్సెంట్, కావ్య చూసుకునేది హాలూ, గేటూ.

ఐదు సినిమాలు అయిపోయాయి. ఒకే గదిలో బతికిన ఇద్దరు నర్సుల కథకు ఈలలు పడ్డాయి. ప్రేమించినవాడి బరాత్‌లో తానే బ్యాండు వాయించినవాడి కథకు అందరూ ముక్కులు చీదారు.

మిగిలింది "ఇద్దరి మగ్గం". అది తీసిన జెస్సికా రైలు దిగి రావాలి. వచ్చాకే వేస్తారు.

నిరుడు ఇదే పండుగలో ఎవడో ఇలాగే వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అందులో, సినిమా చూడ్డానికొచ్చిన ఏంజెల్ కనిపించింది. అన్నలు ఆ పిల్ల చెయ్యి విరగ్గొట్టారు, చదువు మాన్పించారు.

"కావ్యక్కా! జల్ది రా ఇటు."

కావ్య వస్తూనే ఫోన్ లాక్కుంది.

"పేరేంది?"

"పేరెందుకు బిడ్డా? సినిమా చూసి పోత."

"ఎవరు పంపిండ్రు నిన్ను? మా మొఖాలు ఊరంత చూపెడ్తవా?"

"అయ్యో, మీ జోలికి నేనెందుకొస్త? ఫోన్ మీ తాన్నే ఉంచుకోండ్రి. గా ఒక్కటి చూడనియ్యుండ్రి. నిలవడైన చూస్త."

"తమాషా చూడనీకి మేమేమన్న జంతువులమా?"

హాలంతా లేచింది. రోజూ ఎవరెవరి చేతనో మాటలు పడేవాళ్లే గదా, ఇవాళ అనడానికి ఒకడు దొరికాడు. "ముసలి నక్క" అన్నారొకరు. చొక్కా పట్టి గుంజారింకొకరు. ఎక్కడి నుంచో ఒక చెప్పు వచ్చి ముసలాయన వీపుకు తగిలింది.

విన్సెంట్ ఫోన్‌ను ముసలాయన జేబులో కుక్కి, మెడ పట్టి మెట్లు దించాడు.

ముసలాయన కిందనే నిలబడి చేతులు జోడించాడు. "మల్ల ఎప్పుడేస్తరు బిడ్డా?"

"నీకైతే ఎన్నడెయ్యం. నడువ్!"

గంట ఆలస్యంగా వచ్చింది జెస్సికా. వస్తూనే మైకు అందుకుంది.

"కొత్తవాడల ఒక్క మగ్గం మీద పక్కపక్కన కూసోని ముప్పై ఏండ్లు జంపఖానాలు నేసిన జంట కథ ఇది. ఊరికి మాత్రం దోస్తులమని చెప్పుకున్నరు. సారంగపాణి అంకుల్ పోయిన నెల చనిపోయిండు. ఇంటోళ్లు ఫొటోలన్ని కాలవెట్టిండ్రు. రెండో అంకుల్‌ను శవం సుత చూడనియ్యకుంట గెంటేసిండ్రు. ఎంత దేవులాడినా నాకు దొరకలేదు. ఇయ్యాల వస్తడేమోనని ఆశ."

కావ్య చున్నీతో కళ్లొత్తుకుంది.

"గెంటేసిండ్రా? ఎంత పాపిష్టోళ్లక్కా!" అన్నాడు విన్సెంట్.

లైట్లు ఆర్పారు. తెర మీద సారంగపాణి నవ్వుతూ నేస్తున్నాడు. ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చున్నది, గంట క్రితం వీళ్లు మెట్లు దించిన ముసలాయన.