తొంభై గుర్రాల బండి

ఇక కాటా ఎక్కవలసింది అత్తగారే.

హాల్లో సోఫా పక్కకు జరిపి, ఆఫీసు నుంచి తెచ్చిన కాటాను నట్టనడుమ పెట్టాడు ఇన్‌స్పెక్టరు. ఆయనది తూనికలు, కొలతల శాఖ. ఆయన కనిపిస్తే కొట్లవాళ్లు గబగబా తూకపురాళ్లు మార్చేస్తారు. ఇంట్లోవాళ్లకు ఆ వీలు లేదు.

అత్తగారు చెప్పులు విప్పి ఎక్కింది. అరవై ఒక్క కిలోల మూడు వందల గ్రాములు. అప్పటికే కోడలి బరువు, పాప బరువు, తన బరువు కాగితం మీద రాసుకుని ఉన్నాడాయన. కొనబోయే కారు ఒకటే, ఇంజన్లు మాత్రం రెండు రకాలు. ఒకటి అరవై ఆరు హార్స్‌పవర్, రెండోది తొంభై. ఇంటిల్లిపాది బరువు తేలితే ఏ ఇంజను సరిపోతుందో దానంతటదే తేలుతుందని ఆయన సిద్ధాంతం.

“చిన్నదే చాలు. లీటరుకి మూడు కిలోమీటర్లు ఎక్కువిస్తుంది,” అన్నాడు లెక్క ముగించి.

“మరి కొండ సంగతేంటండీ?” అంది కోడలు.

“ఆ కొండకి మనం వెళ్లట్లేదుగా.”

కోడలి పుట్టిల్లు కొండ మీద. వాళ్లమ్మ అక్కడ మొక్కల నర్సరీ నడుపుతుంది. ఒక్క పూట నీళ్లు పోయకపోతే నారు వాడిపోతుంది గనక ఆవిడ కిందికి రాలేదు. బస్సు కొండ మొదట్లోనే ఆగిపోతుంది. రెండేళ్ల కిందట పాత కారు మూడో మలుపులో మొరాయిస్తే అందరూ దిగి తోశారు. ఇక ఈ కొండ ఎక్కేది లేదని ఆయన ఆ మలుపులోనే తీర్మానించాడు. పోనీ కోడలు బస్సు దిగి నడిచి వెళ్తానంటే, ఒక్క రోజులో వెళ్లి రావడం కుదరదు. మర్నాడు పాపను బడికి ఎవరు పంపుతారని అడుగుతాడు. కొన్న బండితో పదేళ్లు కాపురం చెయ్యాలి. చిన్న ఇంజను వస్తే ఆ పదేళ్లూ ఈ నాలుగు గోడలే.

అవి కూడా కొలిచిన గోడలు. ఆ ఇంట్లో స్నానానికి ఒకటిన్నర బకెట్టు. టీవీ నలభై నిమిషాలు. అత్తగారికి బీపీ గనక ఆవిడ రోజుటి ఉప్పు పొద్దున్నే చిన్న సీసాలో వేసి ఇస్తాడు. టీ వంద మిల్లీలీటర్లు. ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మాట ఒక్కటే. “మావాడు కొలత తప్పడండీ. నా ఊపిరికి కూడా లెక్కుంది.” తల్లి మురిపెం అది. విన్నప్పుడల్లా కోడలు వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కాస్త గట్టిగా తోమేది.

అందుకే మర్నాడు అత్తగారు ఆరాలు మొదలుపెడితే ఆమెకు ఒళ్లు మండింది. మీ అమ్మింట్లో గదులెన్ని, బాత్రూము లోపలేనా, మెట్లు ఎత్తా, కూరలో ఉప్పు సరిగ్గా వేస్తుందా.

“ఇప్పుడవన్నీ ఎందుకత్తయ్యా, ఎలాగూ వెళ్లేది లేదుగా.”

“ఊరికే అడిగానమ్మాయ్. అడిగితే ఇల్లేం అరిగిపోదుగా.”

ఎక్కని కొండకు వంకలు పెట్టడం అత్తగారికే చెల్లిందనుకుంది కోడలు.

ఆదివారం షోరూముకి బయల్దేరుతుంటే అత్తగారు తన ట్రంకు పెట్టె కూడా తెమ్మంది. సామాను లేకుండా బండిని పరీక్షించడం ఏం కొలతరా అని అడిగింది. కొలత అనేసరికి ఆయన కాదనలేకపోయాడు. పెట్టె ఇరవై రెండు కిలోలు తూగింది.

చిన్న ఇంజను బండిని వంతెన మీదికి ఎక్కించారు. సగం దూరంలో అది మూలిగింది. ఆయన మొదటి గేరు వేశాడు. వెనక లారీవాడు హారను మోగించాడు. ఏసీ ఆపితే ఇంకా బాగా ఎక్కుతుందండీ అన్నాడు పక్క సీట్లోని సేల్స్‌మన్. ఆపారు. అద్దాలు దించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. వెనక సీట్లో అత్తగారికీ తలుపుకీ నడుమ ఇరుక్కుని, చెమటలు కక్కుతూ, పదేళ్లంటే ఎన్ని ఆదివారాలో లెక్క వేసుకుంది కోడలు.

“ఎక్కేసిందిగా,” అన్నాడాయన వంతెన పైకి చేరాక.

అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఒరే, ఆస్పత్రి ఈ వంతెన అవతలే కదూ?”

“అవునమ్మా.”

“నా ప్రాణం మీదికొచ్చిన రోజు కూడా మొదటి గేరేనా?”

ఆయన జేబులోంచి కాగితం తీసి మళ్లీ చూసుకున్నాడు. తొంభై ఇంజనైతే మూడో గేరులో ఎక్కేస్తుందండీ అని సేల్స్‌మన్ బయటికి చూస్తూ మెల్లిగా అన్నాడు.

తొంభై కొన్నారు.

కొండ ప్రయాణం మాట కూడా అత్తగారే ఎత్తింది. అన్ని గుర్రాల బండి కొని వియ్యపురాలికి చూపించకపోతే ఏం బావుంటుందంది. గొప్ప చూపించుకోవడానికే అని తెలిసినా కోడలు వెంటనే తలూపింది. కారణం ఏదైతేనేం, కొండ కొండే. ఈసారి ట్రంకు పెట్టెను ఇన్‌స్పెక్టరే స్వయంగా డిక్కీలో ఎక్కించాడు. అసలు పరీక్ష ఇదేనన్నాడు. పదింటికి చేరాలి, నాలుగింటికి బయల్దేరాలి అనీ చెప్పాడు.

మూడో మలుపు ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియలేదు.

ఆరు గంటలు ఆరు నిమిషాల్లా గడిచాయి. కోడలు నారుమళ్ల మధ్య వాళ్లమ్మ వెంటే తిరిగింది. అత్తగారు వరండాలో కూర్చుని కొలత లేని గ్లాసులతో మూడుసార్లు టీ తాగింది. సరిగ్గా నాలుగింటికి హారను మోగింది.

ఒక్క నాలుగు రోజులు ఉంటానండీ అన్న మాట కోడలి నాలుక చివర పొద్దున్నుంచీ ఆడుతూనే ఉంది. అయినా పాపను ఎక్కించింది. తనూ ఎక్కి, తలుపు వెయ్యకుండా అలాగే కూర్చుంది. ఈ ఒక్కసారికి అత్తగారు తన తరఫున ఓ మాట సాయం చెయ్యకపోతుందా అని ఆశగా వరండా వైపు చూసింది.

“నా పెట్టె దించేసి మీరు వెళ్లండి, నేనింక ఈ కొండ దిగను,” అంది అత్తగారు.